ఆరని చెక్ ఇంజిన్ లైటు: బెంగళూరులో పాత కారును ఎవరికి చూపించాలి?

పదేళ్లు దాటిన కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, మెకానిక్ దగ్గర ఆరి, వారం తిరగకముందే మళ్లీ వెలిగిందంటే, ఇంజిన్ గురించిన దిగులు కన్నా ఎవరి మాట నమ్మాలన్న సందేహమే యజమానిని ఎక్కువగా వేధిస్తుంది. కాలనీలోని మెకానిక్ సెన్సర్ పోయిందంటాడు, కంపెనీ సర్వీస్ సెంటర్ పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెడుతుంది, ఆఫీసులో తెలిసినవారు బండి నడుస్తోంది కదా వదిలేయమంటారు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ సెలవు దొరికినప్పుడల్లా చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు సొంత ఊళ్లకు కారులో వెళ్లివచ్చే తెలుగు కుటుంబాలకు ఈ విషయాన్ని వాయిదా వేసే వీలు తక్కువ. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆగిపోయిన బండి చికాకు పెడుతుంది గాని, పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో ఆగిపోయిన బండి ప్రాణాల మీదికి తెస్తుంది.

ఉన్న మార్గాలను పోల్చే ముందు నా పక్షపాతాన్ని చెప్పేస్తాను. లోపం కనిపెట్టడం ఒక పని, దానిని బాగుచేయడం మరొక పని. మన దగ్గర మొదటి పనికి విడిగా డబ్బిచ్చే అలవాటు లేదు కాబట్టి మెకానిక్ తన సంపాదనను రెండో పనిలోనే, అంటే మార్చిన సామానులోనే, చూసుకోవలసి వస్తుంది. లోపం వెతికినందుకు విడిగా చెల్లించడానికి సిద్ధపడిన యజమానికి చాలా సందర్భాలలో మొత్తం ఖర్చు తగ్గుతుంది. కింది పోలిక అంతా ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

ఎంచుకునే వ్యవధి ఉందా లేదా

పసుపు రంగు లైటు నిలకడగా వెలుగుతూ, బండి నడకలో తేడా లేకపోతే నాలుగైదు రోజులు విచారించి నిర్ణయించుకోవచ్చు. అదే లైటు మిణుకుమిణుకుమంటుంటే, ఇంజిన్‌లో ఏదో సిలిండరు తీవ్రంగా మిస్ కొడుతోందని అర్థం. కాలకుండా బయటకు వచ్చిన పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాని లోపలి జల్లెడను కరిగించగలదు. అప్పుడు ప్లగ్గుకు కరెంటు అందించే ఒక కాయిల్‌తో పోయే ఖర్చు పదుల వేలకు చేరుతుంది. కాబట్టి మిణుకుతున్నప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి పక్కకు ఆపి, టోయింగ్ పిలవడమే దారి. ఆయిల్ ప్రెషర్ ఎరుపు లైటు, టెంపరేచర్ ఎరుపు లైటు ఈ లెక్కలోకి రావు. అవి వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి.

ఇంకొక చిన్న పరీక్షను అన్నిటికన్నా ముందు చేయించాలి. బ్యాటరీ నీరసించిన పాత కారులో బండిలోని కంప్యూటర్ అసలు లోపంతో సంబంధం లేని కోడ్‌లను (లోపాల గుర్తు సంఖ్యలను) వరుసగా చూపిస్తుంది. ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక బ్యాటరీ వద్ద 12.4 వోల్టులకు తగ్గకుండా, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే సరే. అలా లేనప్పుడు సెన్సర్ల జోలికి వెళ్లకుండా ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ వైరు సంగతి చూడాలి.

దేనిని బట్టి ఎంచుకోవాలి

చాలామంది లేబర్ చార్జీని బట్టి ఎంచుకుంటారు, నిజానికి అన్నిటికన్నా తక్కువ ప్రాముఖ్యం ఉన్నది అదే. చూడవలసిన మొదటి విషయం, ఆ చోట లోపాన్ని ఎంత లోతుగా వెతకగలరన్నది: కోడ్ చదివి ఆపేస్తారా, ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల విలువలను చూస్తారా, మల్టీమీటర్ పట్టుకుని వైరు వైరుగా కొలుస్తారా? రెండవది, వారి అంచనా తప్పినప్పుడు ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందన్నది. మార్చిన సెన్సర్‌తో లైటు ఆరకపోతే దానిని వెనక్కి తీసుకుంటారా అని ముందే అడిగితే మొహం చూసే చాలా సంగతులు తెలుస్తాయి. ఆ తర్వాత సామాను దొరకడం, బండి ఎన్ని రోజులు అక్కడ ఉండిపోతుందన్నది. చివరిగా, అనుకోవడానికి కష్టమైనా, ఆ కారు విలువ ఎంత, ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది.

సొంతంగా కోడ్ చదువుకోవడం

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాలి దగ్గర పదహారు పిన్నుల ఓబీడీ (బండి తన లోపాలను తానే నమోదు చేసుకునే ఏర్పాటు) సాకెట్ ఉంటుంది. దానికి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరాలు వెయ్యి రూపాయల లోపు నుంచే దొరుకుతాయి. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే కోడ్ కనిపిస్తుంది. ఐఫోన్ వాడేవారు తమ ఫోన్‌తో కలిసే రకమేనా అని కొనేముందు చూసుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. బీఎస్-4 (పొగ కాలుష్యంపై ప్రభుత్వ ప్రమాణం) కార్లకు ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. బెంగళూరు 2010లోనే బీఎస్-4 అమలైన నగరాలలో ఒకటి గాని, దేశమంతటా ఆ నిబంధన వచ్చింది 2017 ఏప్రిల్‌లోనే. అందువల్ల 2012లో ఇక్కడ కొన్న కారు సాధారణ స్కానర్‌తో మాట్లాడవచ్చు, అదే ఏడాది ఏ చిన్న పట్టణంలోనో కొని ఇక్కడికి తెచ్చుకున్న బీఎస్-3 కారు మాట్లాడకపోవచ్చు. స్కానర్ కలవకపోతే పరికరం పాడైందనుకోకుండా, ఆ కంపెనీ బండ్లకు తగిన స్కానర్ ఉన్నవారి దగ్గరికి వెళ్లాలి.

ఈ మార్గం బలం బాగుచేయడంలో లేదు. గ్యారేజీకి వెళ్లేముందే మన చేతిలో రాతపూర్వకంగా ఒక ఆధారం ఉండటమే దీని ప్రయోజనం. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే వివరం కూడా కంప్యూటర్‌లో నిలిచి ఉంటుంది: లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత, ఎంత లోడు మీద ఉంది అన్నవి. ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయే లోపాలకు దీనికి మించిన సాక్ష్యం లేదు. అందుకే కోడ్‌ను చెరిపివేసే బటన్ నొక్కే ముందు ఆ తెరను ఫోటో తీసి ఉంచుకోవాలి. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. బ్యాటరీ టెర్మినల్ పీకి లైటు ఆర్పే పాత చిట్కా కూడా ఇదే నష్టం చేస్తుంది. పైగా కంప్యూటర్ ఇన్నాళ్లూ నేర్చుకున్న ఐడ్లింగ్, ఇంధన సవరణలు చెరిగిపోయి బండి కొన్నాళ్లు ఇబ్బంది పెట్టవచ్చు.

ఈ మార్గం బలహీనత కూడా అక్కడే మొదలవుతుంది. కోడ్ ఏ వ్యవస్థలో తేడా ఉందో చెబుతుందే తప్ప ఏ సామాను పోయిందో చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ పేరు కనిపించగానే ఆన్‌లైన్‌లో సెన్సర్ కొనేవారు, ఉన్నదున్నట్టు చెప్పిన ఆ సెన్సర్‌నే శిక్షిస్తున్నారేమో ఆలోచించాలి. అమెరికా వీడియోలు చూసి పెట్రోలు ట్యాంకు మూత బిగించి ఎదురుచూడటమూ ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎందుకంటే మన పాత కార్లలో చాలావాటికి ట్యాంకు ఆవిరి లీకును కనిపెట్టే ఏర్పాటే లేదు.

కాలనీ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్

ఈ ఇద్దరినీ ఒకటిగా చూడటం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. మెకానిక్ షెడ్డులో ప్లగ్గులు, ఫిల్టర్లు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, గాలి లీకయ్యే గొట్టాలు మార్చడం వంటి పనులు తక్కువ ఖర్చుతో, కళ్లెదుటే జరుగుతాయి. బండిని ఏళ్లుగా చూస్తున్న మనిషికి దాని చప్పుడులో తేడా వెంటనే తెలుస్తుంది, అది ఏ స్కానర్‌కూ రాని విద్య. అయితే లోపం వైరింగ్‌లో ఉంటే ఆయన చేతిలో సాధనాలు ఉండవు. అప్పుడే "సెన్సర్ మార్చి చూద్దాం సార్" అన్న మాట వినిపిస్తుంది. "మార్చి చూద్దాం" అన్నది విన్నప్పుడు, "అన్నా, ఏ కోడ్ వచ్చిందో, ఏం కొలిచి చూశారో ఒక కాగితం మీద రాసివ్వండి, మార్చడం తర్వాత చూద్దాం" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. బెంగళూరు తూర్పు వైపు షెడ్డుల్లో తెలుగు అర్థం చేసుకునేవారు దొరకడం కష్టం కాదు, కాబట్టి లక్షణాలను సొంత భాషలో వివరంగా చెప్పండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా, వాన పడ్డాకా?

వాన పడ్డాక మాత్రమే లైటు వెలుగుతోందంటే, లేదా గతుకుల మీద వెలిగి ఆరుతోందంటే, నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లడం మంచిది. కప్లర్‌లో పచ్చగా పట్టిన చిలుము, ఊడిన ఎర్త్, అపార్ట్‌మెంట్ సెల్లారులో ఎలుకలు కొరికిన తీగ, ఇవన్నీ ఆయన పరిధిలోనివి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే నవ్వుకుంటాం గాని, బెంగళూరు బేస్‌మెంట్ పార్కింగ్‌లలో నిజంగా పట్టవలసింది దానినే. మంచి ఎలక్ట్రీషియన్ సగం రోజు వెతికి రెండు అంగుళాల తీగ మార్చి ఇస్తాడు. తీగ ఖరీదు చూసి ఆయన కూలి దగ్గర బేరమాడేవారు తర్వాతి సారి సెన్సర్ కొనుక్కోవడానికి సిద్ధపడాలి.

మల్టీబ్రాండ్ వర్క్‌షాప్, కంపెనీ సర్వీస్ సెంటర్

మల్టీబ్రాండ్ వర్క్‌షాపుల్లో మంచివీ ఉన్నాయి, బోర్డు మాత్రమే మంచిగా ఉన్నవీ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: లోపం వెతకడానికి మాత్రమే ఎంత తీసుకుంటారు? ఒక మొత్తం చెప్పి, రిపోర్టు ఇస్తామంటే నమ్మవచ్చు. "చెకింగ్ ఫ్రీ" అన్నచోట ఆ ఉచితం ఎక్కడో బిల్లులో కలుస్తుంది. ఆ మాడల్ వారంటీ దాటిపోయి, షోరూము రేట్లు భరించలేని మధ్యతరగతి యజమానికి సాధారణంగా ఇదే సరైన స్థలం.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు మాత్రమే ఉన్న సౌలభ్యాలు కొన్ని ఉన్నాయి: తయారీదారు సొంత స్కానర్, ఆ మాడల్ వైరింగ్ పటం, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, సరైన తాళంచెవి లేకుండా బండిని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ పనులు. పీ0 తో మొదలయ్యే కోడ్‌లు అన్ని కంపెనీలకూ ఉమ్మడివి, పీ1 తో మొదలయ్యేవి తయారీదారు సొంతవి. పీ1 కోడ్ వచ్చినప్పుడు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో ముడిపడినప్పుడు ఇక్కడికే వెళ్లడం సమంజసం. ఇబ్బంది ఎక్కడంటే, విడిభాగాన్ని బాగుచేసే అలవాటు వారికి తక్కువ, మొత్తం అసెంబ్లీ మార్చడమే వారి పద్ధతి. మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ బండిని ముట్టుకున్న మనిషి కాదు. లోపం వెతికే రుసుము చెల్లించి, రిపోర్టు తీసుకుని, పని మరోచోట చేయించుకునే హక్కు మీకు ఉందన్నది గుర్తుంచుకుంటే ఆ ఎస్టిమేట్ అంత భయపెట్టదు.

| మార్గం | లోపం వెతికే లోతు | ఖర్చు | సమయం | అంచనా తప్పితే |
|---|---|---|---|---|
| సొంత స్కానర్ | కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ వరకు | చాలా తక్కువ | కొన్ని నిమిషాలు | తొందరపడి సామాను కొంటేనే నష్టం |
| కాలనీ మెకానిక్ | అనుభవం ఎక్కువ, సాధనాలు తక్కువ | తక్కువ | అదే రోజు | మార్చిన సామాను ఖర్చు మీదే |
| ఆటో ఎలక్ట్రీషియన్ | వైరింగ్‌లో చాలా లోతు | కూలి ప్రధానం | సగం రోజు నుంచి రెండు రోజులు | కూలి పోతుంది, సామాను పోదు |
| మల్టీబ్రాండ్ | చోటును బట్టి | మధ్యస్థం | ఒకటి, రెండు రోజులు | ముందే మాట్లాడుకుంటే వారిదే |
| కంపెనీ సర్వీస్ సెంటర్ | ఆ మాడల్‌కు పూర్తి లోతు | ఎక్కువ | సామాను తెప్పించాలంటే ఎక్కువ | బిల్లు ఉంటుంది కాబట్టి నిలదీయవచ్చు |

కోడ్‌ను బట్టి దారి మారుతుంది

పై పట్టిక చూసి ఒకదానిని ఎంచుకోవడం కన్నా, చేతిలో ఉన్న కోడ్‌ను బట్టి ఎంచుకోవడం మేలు.

పీ0300 నుంచి పీ0304 వరకు వచ్చేవి మిస్‌ఫైర్ కోడ్‌లు. చివరి అంకె సిలిండరును సూచిస్తుంది, సున్నా అయితే మిస్ ఒకే సిలిండరుకు పరిమితం కాదని అర్థం. ప్రతి సిలిండరుకూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పీ0302 వచ్చిందనుకుందాం, రెండో సిలిండరు కాయిల్‌ను మూడో దాని మీదికి మార్చి కొద్దిసేపు నడిపితే కోడ్ పీ0303గా మారిందా, కాయిల్‌దే తప్పు. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి. ఇది కాలనీ మెకానిక్ పని, షోరూముకు వెళ్లనక్కరలేదు.

పీ0171 అంటే ఇంజిన్‌లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోందని కంప్యూటర్ ఫిర్యాదు. గాలి గొట్టంలో పగులు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్, బలహీనపడిన పెట్రోలు పంపు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే లాంఛనంగా ప్రారంభమైన 20 శాతం ఎథనాల్ పెట్రోలు పోసినప్పుడు కంప్యూటర్ ఇంధనాన్ని కొన్ని శాతం పెంచి సరిచేసుకోవలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో దీనివల్ల లైటు వెలగకూడదు. అప్పటికే గాలి లీకుతో అంచున ఉన్న పాత ఇంజిన్‌ను ఇది హద్దు దాటించవచ్చు. పెట్రోలును నిందించే ముందు లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే విలువను, అంటే కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత సవరిస్తోందో, చూడాలి. అది ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి వేగం పెంచితే తగ్గుతుంటే గాలి లీకు, వేగంతో పాటు పెరుగుతుంటే పెట్రోలు సరఫరా అనుమానించాలి. ఈ విలువలు చూడగల వర్క్‌షాప్ కావాలి కాబట్టి ఇది మల్టీబ్రాండ్ పని.

పీ0135 కన్వర్టర్‌కు ముందు ఉండే ఆక్సిజన్ సెన్సర్‌లోని హీటర్ సర్క్యూట్‌కు సంబంధించినది. ఫ్యూజ్, కప్లర్, తీగ చూసి, హీటర్‌ను మల్టీమీటర్‌తో కొలిచాకే సెన్సర్ మార్చాలి. ఎలక్ట్రీషియన్ అరగంటలో తేలుస్తాడు.

పీ0420 అందరినీ భయపెట్టే కోడ్, ఎందుకంటే దాని వెనుక క్యాటలిటిక్ కన్వర్టర్ ధర ఉంది. చాలా పెట్రోలు కార్లలో కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, కన్వర్టర్ బాగుంటే వెనుక సెన్సర్ దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటేనే కన్వర్టర్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా సైలెన్సర్ పైపులో లీకు లేదని, మిస్‌ఫైర్ చరిత్ర లేదని తేల్చుకోవాలి, లేకపోతే కొత్త కన్వర్టర్ కూడా అదే దారి పడుతుంది. ఈ కోడ్‌కు రెండో అభిప్రాయం తప్పనిసరి అని నా ఉద్దేశం.

పీ0335 క్రాంక్ సెన్సర్‌ది. ఇది రోడ్డు మధ్యలో ఇంజిన్‌ను ఆపేయగలదు కాబట్టి పోలికలతో కాలయాపన చేయకుండా దగ్గరలో ఎవరు నమ్మకంగా ఉంటే వారితో వెంటనే చేయించాలి. డీజిల్ బండ్లలో పీ0401 వస్తే, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఉండవచ్చు. నగరంలో చిన్న చిన్న దూరాలే తిరిగే డీజిల్ కార్లకు ఇది మామూలే; విప్పి శుభ్రం చేయించాలి. ప్లేటు పెట్టి మూసేద్దామనే సలహాను ఒప్పుకోవద్దు: పొగ పెరుగుతుంది, నిబంధనలకు విరుద్ధం, లైటు కూడా చాలా బండ్లలో ఆరదు.

ఎవరికి ఏది

నగరంలోనే తిరుగుతూ, అవసరమైతే మెట్రో ఎక్కగల వారికి తొందర లేదు. స్కానర్, కాలనీ మెకానిక్, ఎలక్ట్రీషియన్ అనే వరుస వారికి చాలు. పిల్లలతో, పెద్దవాళ్లతో రాత్రిపూట హైవే మీద వెళ్లేవారు మాత్రం డబ్బు కన్నా ఖచ్చితత్వానికి విలువ ఇవ్వాలి, ప్రయాణానికి కనీసం వారం ముందు పని ముగించాలి. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచిన కారు అయితే, అక్కడి మెకానిక్‌తో ఫోన్‌లో వాదించే బదులు ఒకసారి బెంగళూరు తెచ్చి రిపోర్టు తీయించి పంపడం నయం. గ్యాస్ కిట్ బిగించిన కార్ల వారు ముందుగా కొన్ని రోజులు పెట్రోలు మీదే నడిపి చూడాలి, లోపం కిట్ ట్యూనింగ్‌లోనే ఉండవచ్చు.

సామాను కొనేటప్పుడు జేసీ రోడ్డులో కొత్తవి, శివాజీనగర్‌లో పాతవి దొరుకుతాయి. పాత థ్రాటిల్ బాడీ కొనడంలో అర్థం ఉంది. పాత ఆక్సిజన్ సెన్సర్ కొనడంలో లేదు. పాత ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) కొన్నా ఇమ్మొబిలైజర్‌తో జతచేయించకపోతే బండి స్టార్టే కాకపోవచ్చు.

లైటు వెలుగుతున్న కారును అమ్మేయాలనుకునేవారు కూడా ముందు రిపోర్టు తీయించుకోవాలి. కారణం తెలియని లైటుకు కొనేవాడు పెద్ద మొత్తమే కోత పెడతాడు. కారణం కాగితం మీద ఉంటే కోత ఆ సామాను ధరకు పరిమితమవుతుంది. ఆంధ్ర, తెలంగాణ నంబరు బండిని కర్ణాటక వారికి అమ్మాలంటే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి పన్ను అదనం, అందువల్ల సొంత రాష్ట్రంలో అమ్మడమే తరచుగా లాభం. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ కారు విషయంలో, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైందని, దానికి తోడు ఫిట్‌నెస్ పనులు ఉంటాయని లెక్కలో వేసుకోవాలి. మరమ్మతు ఖర్చు ఆ కారు అమ్మకం ధరలో మూడో వంతు దాటుతుంటే నేనైతే అమ్మేస్తాను. పాత కారు కొనేవారికి ఒక మాట: ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళంచెవి ఆన్ చేసినప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలిగి తీరాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో దానిని దాచి ఉండాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి లోపం లేదనుకోవడం కూడా పొరపాటే. ఆ పరీక్షలో పొగ గొట్టం దగ్గర వాయువులను కొలుస్తారు తప్ప ఓబీడీ కోడ్‌లను చదవరు.

మరమ్మతు అయ్యాక లైటును స్కానర్‌తో ఆర్పి బండి అప్పగిస్తే అక్కడితో లెక్క తేలదు. చాలా లోపాలు రెండు వరుస ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది, కనుక షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆరి ఉండటం దేనికీ రుజువు కాదు. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు, అన్నీ పూర్తయినట్టు చూపించేదాకా, నగరంలోనూ, హోస్కోటె లేదా దేవనహళ్లి వైపు ఖాళీ రోడ్డు మీదా కలిపి నడిపి, పెండింగ్ కోడ్ (ఒకసారి కనిపించి ఇంకా లైటు వెలిగించని లోపం) ఏదీ లేదని చూసుకున్నాకే ఘాట్ ఎక్కే ప్రయాణం పెట్టుకోవాలి. పాత సామానును, బిల్లును అప్పటిదాకా డిక్కీలోనే ఉంచండి. లైటు మళ్లీ వెలిగితే అదే చోటికి తిరిగి వెళ్లినప్పుడు అవి కావాలి.